గండికోటకు పోతే గండి కూడా ఎర్రబడతాది

కడప,
ఆదివారం మధ్యాహ్నం

రేయ్ మామా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో, పడతా. ఇంట్లో అందరూ బాగుండారు. అమ్మ శెనక్కాయల పొడి దంచింది, కర్నూలుకు ఎవరన్నా వస్తే పంపిస్తాది. సమాచారం అయిపోయింది. ఇంక ఆపుకోలేను, విను.

మన కడప చుట్టుపక్కల చోట్ల మీద నువ్వు చేసిన వెబ్‌సైటు చూసినా. హోమ్, ఒంటిమిట్ట, పుష్పగిరి, గండి, గండికోట, మెనూ వరస ముచ్చటగా ఉండాది. ఏ పేజీలో ఉంటే మెనూలో ఆ పేరుకు ఎర్రచొక్కా తొడిగినావు, అంటే ఎర్రరంగు పెట్టినావు. కానీ గండికోట తెరిస్తే చొక్కా ముగ్గురికి పడింది సామీ. గండికోట సరే. గండి ఎందుకు? హోమ్ ఎందుకు? పాపఘ్ని ఒడ్డు ఆంజనేయస్వామి యాడ, పెన్నా లోయ మీద కోట యాడ!

తప్పంతా నీ స్క్రిప్టులో చిరునామాలు పోల్చే ఆ స్టార్ట్స్‌విత్‌ది. ఈ పేజీ చిరునామా ఆ లింకు చిరునామాతో మొదలైతే చాలు, అవునంటాది. గండికోట మొదట్లో గండి ఉండనే ఉండాది, పాపం దానిదేముంది. హోమ్ చిరునామా అయితే ఒట్టి స్లాష్ (/). స్లాషుతో మొదలుకాని పేజీ ఏది చెప్పు? అందుకే హోమ్ ఎప్పుడూ ఎర్రగానే ఉంటాది.

ఇట్లా చెయ్. లింకుదీ, ఇప్పటి పేజీదీ చిరునామాలో సైటు పేరు తర్వాతి భాగం, అంటే పాత్‌నేమ్ తీసుకో. రెండింటి చివరా ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ ఉంటే కొట్టెయ్, తర్వాత చివరి స్లాష్ కూడా. లేకుంటే స్లాష్ ఉన్న గండి వేరు, లేని గండి వేరు అంటాది. ఇప్పుడు రెండూ అచ్చంగా ఒకటైతే ఆ లింకుకు 'ఇప్పుడున్నది ఇదే' అని చెప్పే ఏరియా-కరెంట్ (aria-current) పెట్టి, దాని విలువ పేజ్ అని రాయి. లోపలి పేజీ, అంటే గండికోట కింద మాధవరాయ గుడి లాంటిది తెరిస్తే, లింకు చిరునామాకు ఒక స్లాష్ తగిలించి అప్పుడు స్టార్ట్స్‌విత్ అడుగు. గండి తర్వాత స్లాష్ వస్తే గండికోట ఇంక దూరదు. అట్లా దొరికినదానికి విలువ ట్రూ, పేజ్ కాదు. హోముకు మాత్రం ఈ రెండో పరీక్ష పెట్టొద్దు: కొట్టేసినాక అది ఖాళీ, ఖాళీకి స్లాష్ తగిలిస్తే మళ్ళీ మొదటికొస్తాది.

లింకుకు క్లాసు అనే పేరు తగిలించి దాంతో రంగు మారిస్తే సరిపోదా అంటావు, నాకు తెలుసు. చూపు లేనోళ్ళకు తెర చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు నీ క్లాసు పేరు వినపడదు మామా, ఏరియా-కరెంట్ వినపడతాది. రంగులు వేసే సీఎస్ఎస్ కూడా దాన్నే పట్టుకోనీ, అయితే ఏ లింకుకు వెయ్యాలో చెప్పే సెలెక్టర్లో పేజ్, ట్రూ అని విలువలు తప్పక రాయి. ఒట్టి పేరు రాస్తే, ఎవడన్నా ఫాల్స్ పెట్టిన లింకు కూడా వెలుగుతాది. ఇంగ యాక్టివ్ అనే సూడో-క్లాసు రాసిపెట్టినావే, నవ్వొచ్చింది. అది వేలు నొక్కిపట్టినంతసేపే, ఇప్పటి పేజీకీ దానికీ సంబంధం లేదు.

చొక్కా విషయం. ఎరుపు ఒక్కటే నమ్ముకోవద్దు, రంగులు తేడా తెలియనోళ్ళుంటారు, కింద గీత కూడా పెట్టు. అక్షరాలు లావు చేస్తే వెడల్పు పెరిగి పక్కపేర్లు జరుగుతాయి, పేజీ పేజీకి మెనూ కుప్పిగంతులేస్తాది. అన్ని లింకులకూ 3 పిక్సెళ్ళ కింది గీత పారదర్శకంగా ముందే పెట్టుకో, ఇప్పటి పేజీకి దాని రంగు మాత్రం మార్చు, ఏదీ కదలదు. అక్షరాల రంగుకు నేపథ్యంతో వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాల. నీ ఎరుపు ఆ నల్లపట్టీ మీద... ఏమో, కొలిచి చూసుకో.

చిరునామాలు తెలుగు అక్షరాల్లోకి మారుస్తానన్నావు గదా, జాగ్రత్త. బ్రౌజర్ పాత్‌నేమ్‌లో తెలుగు అక్షరాలు పర్సెంట్ గుర్తుల కోడ్‌గా మారతాయి, గ ఒక్కటే 9 గుర్తులవుతాది, గండి 36. నువ్వు గెట్‌అట్రిబ్యూట్‌తో హెచ్‌రెఫ్, అంటే లింకులో నువ్వు రాసిన చిరునామా, ఉన్నదున్నట్టు తీసి పోలిస్తే ఒక పక్క తెలుగు, ఒక పక్క పర్సెంట్ గుర్తులు, జన్మలో కలవవు. లింకును దాని పాత్‌నేమే అడుగు, రెండూ ఒకే వేషంలో వస్తాయి.

నన్నడిగితే, అయిదు పేజీలకు స్క్రిప్టే దండగ. ఏ పేజీ ఫైలులో ఆ లింకుకు చేత్తో రాసెయ్, స్క్రిప్ట్ లోడయ్యేదాకా చొక్కా కోసం ఆగే పనుండదు. అయినా నువ్వు వింటావా, మూడో బెంచీ మొండితనం యాడికి పోతాది!

ఇంకొకటి, ఫోన్లో మెనూ మడతపెట్టినప్పుడు ఆ గీత... అయ్యో, ఆటో వాడు హారన్ కొడతాండాడు. కవర్ వీడి చేతికే ఇచ్చేస్తా. ఉంటా మామా.