ఊళ్ళోనే ఉండి గీసినవాళ్ళ గురించి

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం చేరింది. "ఈ ఊళ్ళో కూర్చుని బొమ్మలేస్తే చూసేవాడెవడు? హైదరాబాదో, పెద్ద బొమ్మల బడి ఉన్న బరోడానో పోయి పడితే తప్ప మనలాంటివాళ్ళకి దారి లేదు" అని రాశావు చూడు, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఫోన్లో జవాబు చెప్దామంటే మాట మాటకీ అడ్డొస్తావు. అందుకే రాస్తున్నా. పొడుగవుతుంది, తీరిగ్గా చదువు.

నిన్ను పోవద్దనడం లేదు. ఎందుకు పోతున్నావో తెలుసుకుని పో అంటున్నా. మన తెలుగు నేల మీద బొమ్మలేసినవాళ్ళు ఎలా బతికారో, పని ఎలా చేశారో కాస్త దగ్గరగా చూస్తే "ఊళ్ళో ఏముంది" అన్న మాట మళ్ళీ నీ నోట రాదని నా నమ్మకం.

ముందు శ్రీకాళహస్తి సంగతి. కలంకారీ అనగానే నీకు చీరలు, చున్నీలు గుర్తొస్తాయి. పెడనలో చెక్క అచ్చులతో అద్దే పని వేరు, దాని కథ వేరు. కాళహస్తి వాళ్ళది మొత్తం చేతి గీత. గుళ్ళో కట్టే పెద్ద పెద్ద గుడ్డల మీద రామాయణం, భారతం గడులు గడులుగా గీసి, బొమ్మల పక్కనే ఆ కథని తెలుగులో రాస్తారు. నడుమ పట్టాభిషేకమో ఇంకోటో పెద్ద బొమ్మ. చుట్టూ కథంతా నడుస్తుంది.

ఒక్క గీత పడకముందు ఎంత పనుందో విను. నేసి తెచ్చిన గాడా గుడ్డని, అంటే ముతక నూలు గుడ్డని, ముందు ఉతుకుతారు. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలల్లో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేస్తారు. పాలెందుకంటే, వాటిలోని కొవ్వు వల్ల రంగు గుడ్డ మీద పాకకుండా గీసినచోటే నిలుస్తుంది. కరక్కాయెందుకంటే, దానిలో ఒగరుంది, ఆ ఒగరుకి ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. ఆ నలుపు కోసం కుండలో తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్ళు వేసి మూతపెట్టి వారాల తరబడి పులియబెడతారు. దాన్ని కసిమి అంటారు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు పలచగా ఆనవాలు గీసుకుని, దాని మీద కసిమితో అసలు గీత గీస్తారు.

కలం సంగతి చెప్పలేదు కదూ. వెదురు పుల్లని సన్నగా చెక్కి, మొన కాస్త వదిలి, పైన ఉన్నో గుడ్డపేలికో చుట్టి దారంతో బిగిస్తారు. రంగులో ముంచితే ఆ చుట్టలో నిలవుంటుంది. గీస్తూ వేళ్ళతో నెమ్మదిగా నొక్కితే మొన దాకా దిగుతుంది. అంటే గీత లావూ సన్నమూ అంతా వేళ్ళ నొక్కుడులోనే ఉంది. ఎక్కువ నొక్కితే బొట్టు పడుతుంది, ఆ బొట్టుని చెరపడానికి లేదు. నువ్వు రబ్బరు పెట్టుకుని గీసే గీతకీ ఆ గీతకీ ఎంత తేడా ఉంటుందో నీకే తెలుస్తుంది.

ఎరుపు ఇంకా చిత్రం. ఎరుపు కావాల్సినచోట రాసేది ఎర్ర రంగు కాదు, పటిక నీళ్ళు. రాసిన తరవాత గుడ్డని పారే నీళ్ళలోనే జాడించాలి. నిలవ నీళ్ళలో జాడిస్తే వదిలిన పటిక పక్క గడిలోకి పాకి, అక్కరలేని చోటంతా ఎరుపెక్కుతుంది. ఆ పైన చవలికొడి వేరు, సురుడు చెక్క లాంటివి వేసి ఉడకబెడతారు. పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. అంటే బొమ్మ గీసినవాడికి తన ఎరుపు ఉడికి బయటికొచ్చిన తరవాతే కనబడుతుంది! ఆ తరవాత పేడనీళ్ళలో నానబెట్టడం, ఏటి ఇసకలో పరిచి నీళ్ళు చల్లుతూ తెలుపు తేల్చడం, మళ్ళీ పాలు పట్టించడం. అప్పుడు కరక్కాయ పూల పసుపు, నీలిమందు నీలం, పసుపు మీద నీలం పడ్డచోట ఆకుపచ్చ.

ఇంత విడమరిచి ఎందుకు చెబుతున్నానంటే, ఆ బొమ్మలో స్వర్ణముఖి ఏటి నీళ్ళున్నాయి, అక్కడి ఎండ ఉంది, ఆ ఊరి గేదెల పాలున్నాయి. ఏరు పారని రోజుల్లో వాళ్ళకి పని ఎంత కష్టమో ఆలోచించు. ఊరు వాళ్ళకి చిరునామా మాత్రమే కాదు, పనిముట్టు కూడా. మొత్తం పనిలో గీసే సమయం కొంచెమే, నానబెట్టి ఆరబెట్టి కాచుకునే సమయమే ఎక్కువ. నువ్వు ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే తీరిక దొరుకుతుందని బాధపడుతున్నావు. మిగతా రోజుల్లో నీ బొమ్మ ఏం నానుతోందో ఒకసారి చూసుకో.

అదంతా ఎప్పుడూ బాగా నడిచిందనుకోకు. గత శతాబ్దం మధ్యకొచ్చేసరికి గుళ్ళ నించి అడిగేవాళ్ళు తగ్గి, ఆ పని దాదాపు పోయే దశకొచ్చింది. 1950ల చివర్లో, చేతిపనుల్ని నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడ నేర్పినవాళ్ళు జొన్నలగడ్డ లక్ష్మయ్య. ఆయన కొడుకు గుర్రప్ప శెట్టి ఆ విద్యనే పట్టుకుని జీవితమంతా గీశాడు, ఎందరికో నేర్పాడు. 2008లో పద్మశ్రీ వచ్చింది. నేర్పేవాడొకడు, పట్టుకునేవాడొకడు మిగలబట్టి గానీ లేకపోతే కసిమి కుండ సంగతి ఇవాళ నేను నీకు రాసేవాణ్ణే కాదు.

ఇక "చూసేవాడెవడు" అన్నావు చూడు, దానికి జవాబు చేర్యాలలో ఉంది. సిద్దిపేట జిల్లా చేర్యాల. అక్కడి నకాషీలు, అంటే పటాలు గీసే కుటుంబాలవాళ్ళు, ఖద్దరు గుడ్డకి గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపి పూత మీద పూత పట్టించి, ఆరబెట్టి, దాని మీద పటం గీస్తారు. మూడడుగుల వెడల్పు, పొడవంటావా, పాత పటాలు కొన్ని అరవై అడుగుల దాకా సాగేవి. వెనకంతా గాఢమైన ఎరుపు. ఉడత వెంట్రుకల కుంచెతో గీతలు. దీపపు మసి నలుపు, శంఖాల పొడి తెలుపు.

ఆ పటం గోడకి వేలాడదీసుకోవడానికి కాదురా. కథ చెప్పేవాడు వచ్చి చేయించుకుని పట్టుకెళ్ళేవాడు. కూనపులివాళ్ళు పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెబుతారు. డక్కలివాళ్ళు మాదిగలకి జాంబపురాణం చెబుతారు. కాకిపడగలవాళ్ళు ముదిరాజులకి పాండవుల కథ చెబుతారు. ఊరి నడుమ పటం కట్టి, ఒక్కో గడి చూపిస్తూ రాత్రిళ్ళు కథ నడిపేవాళ్ళు. ఒక కులం పుట్టుపూర్వోత్తరాలు, పరువు, పండగ అన్నీ ఆ గుడ్డ మీదే. పటం చిరిగి పాతబడితే ఊరికే పారేసేవాళ్ళు కాదు. లాంఛనంగా ఏట్లో కలిపి, కొత్తది చేయించుకునేవాళ్ళు.

ఇక్కడే నీ సంగతి నాకు గుర్తొచ్చింది. ఆ నకాషీకి తన బొమ్మ ఎవరు చూస్తారో గీయక ముందే తెలుసు. ముందు వరసలో కూర్చునే ముసలాయనకి కథంతా నోటికొచ్చు, ఒక్క గడి తప్పినా ఊరుకోడు. వెనక వరస పిల్లాడికి దూరం నించి కనబడాలి, అందుకే అంత ఎరుపు, అంత పెద్ద కళ్ళు. శైలి అని మనం పుస్తకాల్లో చదివేది చాలావరకు ఆ చూపు కోసం పుట్టిందే. నువ్వేమో ఎక్కడో ఉన్న, నీకు మొహం తెలియని ఎవడో చూడాలని గీస్తున్నావు. అందుకే నీ ఈమధ్య బొమ్మల్లో గీత బెదురుతోంది. కోపం తెచ్చుకోకు, నిజమే చెబుతున్నా.

సినిమాలు, టీవీలు వచ్చాక కథ చెప్పించుకునేవాళ్ళు తగ్గారు. కథకుడు రాకపోతే నకాషీకి పనేది? చాలా కుటుంబాలు వేరే పనుల్లోకి పోయాయి. దానాలకోట వైకుంఠం నకాష్ కుటుంబం లాంటి కొద్దిమంది పట్టు వదల్లేదు. పొడుగు పటాన్ని చిన్న చిన్న పలకలుగా చేసి, మాస్కులు చేసి, గోడకి తగిలించుకునే కొత్త కొనుగోలుదారుకి తగ్గట్టు మార్చుకున్నారు. కొందరు దీన్ని చూసి "అసలు కళ పోయింది" అంటారు. నాకా మాట నచ్చదు. ఇంటిల్లిపాదీ కూర్చుని పూతలు పూసి, రంగులు నింపి పొట్ట పోసుకునేవాళ్ళకి మనం ఎలా బతకాలో చెప్పకూడదు. అయితే కథ పోయి ఒక్క గడి మిగిలినప్పుడు, ముందేం జరిగింది తరవాతేం జరుగుతుంది అన్న ఊపు పోతుంది. ఆ లోటు మాత్రం ఉంది. దాని గురించి బాధగానే ఉంటుంది.

ఇక వెళ్ళి తిరిగొచ్చినవాడి కథ. దామెర్ల రామారావు, రాజమండ్రి. 1897లో పుట్టాడు. కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఈ కుర్రాడి చేతిలో ఏముందో గుర్తుపట్టాడు. ఆ ప్రోత్సాహంతోనే బొంబాయిలో బొమ్మలు నేర్పే జె.జె. స్కూలుకి వెళ్ళాడు. అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. బొంబాయిలో చదివి, గుజరాతు వైపు తిరిగి, అక్కడి మనుషుల్ని గీసి, పేరు వస్తున్న సమయంలో రామారావు ఏం చేశాడు? మళ్ళీ గోదావరి ఒడ్డుకే వచ్చాడు. వచ్చి తన బొమ్మలు తను వేసుకుని ఊరుకోలేదు, చిత్రకళా పాఠశాల పెట్టాడు. భార్య సత్యవాణి గీసింది, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గీసింది, వరద వెంకటరత్నం లాంటి స్నేహితులు చుట్టూ చేరారు. బొంబాయిలో నేర్చిన దేహనిర్మాణం, అజంతా గీతలోని మెత్తదనం, రెండూ కలిసి ఆయన బొమ్మల్లో ఒకటైపోయాయి. "పుష్పాలంకారం" చూడు, ఆ ఆడవాళ్ళు నిలబడ్డ తీరు చూడు.

1925లో మశూచి వచ్చి పోయాడు. ఇంకా ఇరవై ఎనిమిది నిండలేదు. ఆ వయసు తలుచుకుంటే ఇప్పటికీ గుండె పిండినట్టవుతుంది. కానీ ఆయన పోయాక ఆ బడి ఆగలేదు. వరద వెంకటరత్నం దాన్ని నడిపించాడు, బొమ్మల్ని భద్రపరిచారు, ఇవాళ రాజమండ్రిలో ఆయన పేరుతో గ్యాలరీ ఉంది. బొంబాయిలోనే ఉండిపోయి ఉంటే ఆయనకి ఇంకా పెద్ద పేరు వచ్చేదేమో. రాజమండ్రికి మాత్రం ఆ బడి ఉండేది కాదు.

వడ్డాది పాపయ్య గురించి నీకు నేను చెప్పక్కరలేదు, చందమామ అట్టలు కత్తిరించి దాచుకున్నవాడివి. ఒక్క సంగతి మాత్రం గుర్తు చేస్తా. తెలుగు వచ్చిన ప్రతి ఇంట్లోకీ వెళ్ళిన ఆ వ.పా. సంతకం పెట్టిన మనిషి అనకాపల్లి పక్కన కశింకోటలో స్థిరపడ్డాడు. సభలకీ సన్మానాలకీ దూరంగా ఉండి గీసుకున్నాడు. చూసేవాళ్ళు లేరంటావా, లక్షల మంది చూశారు. పత్రిక అనే తోవ ఒకటి ఆయనకి దొరికింది, అదీ నిజమే. ఆ తోవ ఇప్పుడు లేదని నువ్వనే లోపు నేనే ఒప్పుకుంటున్నా.

సిద్దిపేటలో కాపు రాజయ్య ఉండేవాడు. బళ్ళో డ్రాయింగు మాస్టరు. బతుకమ్మ, బోనాలు, పనిచేసుకునే మనుషులు, ఇవే గీశాడు, చేర్యాల నకాషీల గీతని తన గీతలోకి తెచ్చుకున్నాడు. ఒక పక్క పిల్లలకి మామిడికాయ గీయడం నేర్పుతూనే ఇంకో పక్క ఆ పని చేశాడు. నీదీ ఉద్యోగమే కదా, ఈయన బొమ్మలు వెతికి చూడు.

బరోడా అన్నావు కదా. తోట వైకుంఠం బరోడా వెళ్ళాడు, లక్ష్మా గౌడ్ వెళ్ళాడు, ఇద్దరికీ కె.జి. సుబ్రహ్మణ్యన్ గురువు. అక్కణ్ణించి వాళ్ళు తెచ్చుకున్నదేమిటి? తమ ఊరినే చూసే కన్ను. వైకుంఠం చిన్నప్పుడు పల్లె నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్ళని చూశాడు, పెద్ద బొట్లు పెట్టుకున్న ఊరి ఆడవాళ్ళని చూశాడు. ఆ ఎరుపులు, పసుపులు అక్కణ్ణించే వచ్చాయి. లక్ష్మా గౌడ్ రాగి పలకల మీద చెక్కింది తన ఊరు నిజాంపూర్ మనుషుల్నీ మేకల్నీ చెట్లనీ. అలా నేర్చుకోవడానికి పోతానంటే రేపే టిక్కెట్టు కొంటా. ఇక్కడ ఎవరూ చూడడం లేదని పోతానంటే మాత్రం నాకు మనసొప్పదు. ఎందుకంటే అక్కడా ఎవరూ చూడకపోతే ఇంకెక్కడికి పోతావు?

నువ్వు పంపిన వాటిలో మీ నాన్నగారు వల బాగుచేసుకుంటున్న పెన్సిల్ బొమ్మ ఉంది చూడు, అదొక్కటే నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఆయన వేళ్ళు ఎలా వంగాయో నీకు తప్ప ఇంకెవరికి తెలుసు? మిగతావి, ఆ నీలం చారలవీ అవీ, పత్రికల్లో చూసి వేసినట్టున్నాయి. వల బొమ్మని పెద్దది చెయ్యి. ఈసారి దుకాణంలో కొన్న కాన్వాసు మీద కాదు, గాడా గుడ్డ తెచ్చి చింతగింజల పూత నువ్వే పూసి చూడు. మొదటిసారి పగుళ్ళు వస్తాయేమో, పూత పలచన చేసి మళ్ళీ పూయి. గీశాక ముందు మీ రేవులో చూపించు, ఎవరేమన్నారో నాకు పొల్లు పోకుండా రాయి. వల ముడి తప్పు పడితే వాళ్ళే చెబుతారు.

సంక్రాంతికి నేను వస్తున్నా. పండగ అయ్యాక ఇద్దరం రాజమండ్రి వెళ్దాం, గ్యాలరీలో ఒక పూటంతా ఉందాం. స్కెచ్ పుస్తకం తెచ్చుకో, నాకూ ఒకటి పట్రా. అమ్మగారికి నమస్కారాలు. చెల్లి పరీక్షలు ఎలా రాసిందో ఈసారైనా రాయి.

నీ నేస్తం