చిత్తూరు కోర్టు ముందర టైపు కొట్టే పెద్దాయనకి దండాలు

పరువునష్టం నోటీసుకి మా జవాబు రిజిస్టర్డ్ పోస్టులో పోయింది. కళ్ళు మూతలు పడుతున్నాయి గానీ ఇది రాయకుండా పడుకోబుద్ధి కావట్లేదు.

తిరుపతి పక్కన ఒక వెంచర్‌కి తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి లేదని, సమాచార హక్కు కింద వచ్చిన జవాబుతో సహా ఆన్‌లైన్‌లో పోస్టు పెట్టాను. పోస్టు తీసేసి క్షమాపణ చెప్పాలనీ, కోటి కట్టాలనీ వాళ్ళ లాయరు నోటీసు. మా ఆయన, అత్తమ్మ ఇల్లు చూసుకున్నారు, వాళ్ళకి ఇక్కడ చెప్పేదేముంది.

చెప్పాల్సింది ఆ పెద్దాయనకే. ఒకప్పుడు వకీలు గుమాస్తా అట. నా మొహం చూసి "ఏం మా, నోటీసా? ముందు కూర్చో" అన్నారు. ఎర్ర పెన్ను తీసి చివరిదాకా చదివి, "నువ్వు రాసిన ఏ మాటకి వీళ్ళ పరువు పోయిందో ఇందులో ఎక్కడుంది మా?" అన్నారు. ఎక్కడా లేదు. ఒక్క వాక్యం కూడా ఎత్తి రాయలేదు. మా జవాబు మొదటి పేరా అదే. తర్వాత నా పోస్టు ప్రింటు పక్కన పెట్టుకుని, కాగితం చూపించగలిగిన ప్రతి వాక్యానికి టిక్కు, నా అభిప్రాయమైన చోట సున్నా. "టిక్కులకి రుజువు జతచెయ్. సున్నాలు అభిప్రాయమేనని జవాబులో రాయి."

భయం పోగొట్టింది మాత్రం ఆయన చెప్పిన చట్టం. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 356. రెండేళ్ళ దాకా శిక్ష పడొచ్చు గానీ బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా వస్తుంది, పోలీసులు వారెంటు లేకుండా పట్టుకుపోలేరు. పరువు పోయిందన్నవాళ్ళే మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. 2024 జులై నుంచి వచ్చిన కొత్త విధానంలో కేసు తీసుకునే ముందే మన మాట వినాలి. క్రిమినల్‌లో నిజమైతే చాలదు, జనం మేలు కోసం రాశామని కూడా చూపాలి. సివిల్‌లో నిజం ఒక్కటే చాలు. దావాకి గడువు ప్రచురించినప్పటి నుంచి ఏడాది. "నోటీసులో కోటి రాయడానికి ఖర్చేముంది మా? దావా వేస్తే ఆ కోటికి తగ్గ కోర్టు ఫీజు కట్టాల."

నా పోస్టు పైన వెబ్ అడ్రసు, తేదీ పడేలా ప్రింటు తీయించారు. కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలని, దాని నమూనా కూడా టైపు చేసిచ్చారు. డబ్బులిస్తే కాగితం ఖర్చు తీసుకుని మిగతాది నా చేతిలోనే పెట్టేశారు. అక్కడే ఏడ్చేశాను.

వారెంటు లేకుండా ముట్టుకోకూడని నేరానికి, మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా దర్యాప్తే చేయకూడని నేరానికి, ఒక స్టేషన్ నుంచి "ఒకసారి వచ్చి పోండి మేడం" అని ఫోన్లెందుకు? రాతపూర్వకంగా పంపమంటే ఫోను పెట్టేస్తారు. నోటీసుకన్నా మనిషిని కుంగదీసేది ఆ ఫోనే.

అయ్యో, మరిచిపోయా: ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుందని న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100లో ఓపిగ్గా చెప్పిన అమ్మాయికి, ఆ సాయం కింద వచ్చి జవాబు మీద సంతకం పెట్టిన లాయరమ్మకి, పోస్టల్ ముద్రతో సహా నోటీసు కవరు దాచిపెట్టిన కింది వాటా అక్కకి, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ప్రింట్లు లాగిన జిరాక్సు తమ్ముడికి కూడా దండాలు.