ఓటీపీ చూసొచ్చేలోపు ఫారం ఖాళీ

అయ్యా,

ప్రభుత్వ దరఖాస్తులన్నీ ఇక ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే పెట్టుకోవచ్చని పది రోజుల కింద మీ పత్రిక జిల్లా పేజీలో వార్త వచ్చింది. షాపు పనిలో పడి ఇప్పటిదాకా రాయలేకపోయాను గానీ, అది చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. దేవరకొండలో పన్నెండేళ్లుగా సెల్ రిపేర్ షాపు నడుపుతున్నాను. ఏ ఫోన్‌లో ఏ పేజీ తెరుచుకుంటుందో, ఏది గిరగిరా తిరుగుతూనే ఉంటుందో రోజూ చూస్తున్నవాణ్ణి.

మొన్న చందంపేట వైపు తండా నుంచి ఒక అక్క వచ్చింది. బిడ్డ స్కాలర్‌షిప్ పని. చేతిలో 2 జీబీ ర్యామ్ ఫోన్. ఇంటి దగ్గర అప్పటికే మూడుసార్లు ఫారం నింపిందట. పేరు, కులం సర్టిఫికెట్ నంబరు, బ్యాంకు ఖాతా అన్నీ కొట్టాక ఓటీపీ వస్తుంది. అది చూడటానికి మెసేజ్‌లలోకి పోయి వచ్చేసరికి పేజీ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతుంది, ఫారం ఖాళీ. నా కళ్ల ముందే నాలుగోసారి కూడా అదే అయింది. "నేనేం తప్పు చేసిన అన్నా?" అని అడిగింది.

ఆమె ఏ తప్పూ చేయలేదు. ర్యామ్, అంటే పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ, తక్కువున్న ఫోన్‌లో ఒక యాప్ వదిలి ఇంకోదాంట్లోకి పోతే, వెనకున్న బరువైన పేజీని ఫోన్ మెమరీలోంచి తీసేస్తుంది. పేజీ తేలిగ్గా ఉంటే నిలుస్తుంది, కనీసం నింపినంతవరకు ఫోన్‌లో దాచే ఏర్పాటున్నా రాసింది పోదు. వెబ్‌సైటు తయారు చేసినవాళ్లు ఈ రెండిట్లో ఒక్కటీ చేయలేదు.

ఆ స్కాలర్‌షిప్ పేజీలో ఏముందో షాపు కంప్యూటర్‌లో విప్పి చూశాను. పైన ఐదు ఫొటోలు ఒకదాని వెనక ఒకటి జరుగుతుంటాయి. అన్నీ ప్రారంభోత్సవాలవి, సన్మానాలవి. ఒక్కోటి 4 ఎంబీ పైనే. కెమెరాలో తీసింది తీసినట్టే ఎక్కించారు. అరచేతిలో పట్టే తెరకు 100 కేబీ చాలు. వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫైలు రకంలోకి మారిస్తే ఇంకా తగ్గుతుంది, అది 2010 నుంచి ఉన్నదే. ఫొటోల కొలతలు పేజీలో ముందే రాసిపెట్టలేదు కాబట్టి ఒక్కోటి దిగినప్పుడల్లా కింద ఉన్నవన్నీ జారిపోతాయి. సబ్మిట్ మీద వేలు పెట్టేలోపు అక్కడికి అన్నీ చెరిపేసే రీసెట్ వస్తుంది! తెలుగు ఫాంట్ వేరేగా దింపుకోవాలి, అది దిగుతుండగా మొదట కాసేపు అక్షరమే కనబడదు. ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌తో ముందు చూపిస్తే ఏం పోతుంది?

పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలో కనబడాలని గూగుల్ అంటోంది. మా దగ్గర సిగ్నల్ పడిపోయిన చోట ఇది నిమిషాలు తిరుగుతుంది. నెట్ నెమ్మదిగా ఉంటే పేజీ ఎలా వస్తుందో చూసే వీలు కంప్యూటర్‌లోని క్రోమ్ బ్రౌజర్‌లోనే ఉంది, పైసా ఖర్చు లేదు. ఆ ఒక్క పరీక్ష కూడా చేయలేదని పేజీ చూస్తేనే తెలుస్తోంది. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో కేంద్రం 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని చదివేదెవరు?

ఏ పనికైనా ఇదే తీరు. రోడ్డు వేస్తే కారులో వచ్చి చూసిపోతారు. నోటీసు ఇస్తే ఇంగ్లిషులో కొట్టి, వంకరగా స్కాన్ చేసి, పెద్ద పీడీఎఫ్ పెడతారు. వెనకట ఆఫీసు గోడకు కాగితం అంటిస్తే నిలబడి చదువుకునేవాళ్లం, తెలియకపోతే పక్కవాణ్ణి అడిగేవాళ్లం. ఇప్పుడు కూలి పోగొట్టుకుని, ఆటో కిరాయి పెట్టుకుని నా షాపుకు రావాల్సి వస్తోంది. ఇంటి నుంచే అన్న మాట ఎక్కడ నిజమైంది?

వెబ్‌సైటు తయారైందని బిల్లు పాస్ చేసే ముందు ఆ శాఖ అధికారి ఒకరు చవక ఫోన్ పట్టుకుని చందంపేటకు రావాలి. అలాంటి ఫోన్ లేకపోతే నా షాపులో ఉంది, ఇస్తాను. ఓటీపీతో సహా ఫారం పూర్తయ్యాకే సంతకం పెట్టాలి. స్కాలర్‌షిప్ గడువు ఈ నెలాఖరు. ఈలోపు కనీసం ఆ ఐదు ఫొటోలైనా తీసేయించండి.

- ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా