లడ్డూని నీళ్ళలోకి దింపకు

ఆకివీడు,
ఆగస్టు 10.

అమ్మడూ,

మొన్న వీడియో కాల్‌లో అమెరికాలో మీ ఏరీ సరస్సు చూపిస్తూ, ఒడ్డున నీళ్ళు పచ్చగా ఉన్నాయి, మన కుక్క లడ్డూ దూకేస్తానంటున్నాడు అన్నావు. "పాచే కదమ్మా, ఏం కాదు" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫోన్‌లో చెబితే "సరే సరే" అనేసి వదిలేస్తావని రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళుగా చేపల చెరువుల మీద బతికినవాణ్ణి కదా, పచ్చనీళ్ళంటే నాకు భయం పోయింది. పేడ, సూపర్ ఫాస్ఫేట్ ఎరువు చల్లి మరీ నీళ్ళకి రంగు తెప్పిస్తాం మనం. రంగు వస్తే చేపకి మేత వచ్చినట్టే. మితిమీరి పైన తెట్టు కట్టిందా, తెల్లారగట్ల ఆక్సిజన్ పడిపోయి చేపలు నోళ్ళు తెరుచుకుని తేలతాయి. నాకు తెలిసిన నష్టం అంతవరకే. ఆ తెట్టులో విషం కూడా ఉండొచ్చని ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ సరస్సు ఒడ్డునే ఉన్న మీ టొలీడో ఊరి సంగతి చదివాక ఒళ్ళు జలదరించింది. 2014 ఆగస్టులో సరస్సులోని ఈ పచ్చ తెట్టు, బ్లూ గ్రీన్ ఆల్గే అంటారట, దాని విషం కుళాయి నీళ్ళలోకి వచ్చి, నాలుగు లక్షల మందికి పైగా రెండు మూడు రోజులు ఆ నీళ్ళు తాగలేకపోయారట. మీ అమ్మ అన్నిటికీ చెప్పే మందు "కాచి చల్లార్చి తాగండి" కదా? దీనికి అది పనిచెయ్యదు. కాచితే నీళ్ళు ఇగిరి విషం ఇంకా చిక్కబడుతుంది. మొక్కజొన్న, సోయా చేలల్లో వేసిన ఫాస్ఫరస్ వానకి మౌమీ నదిలో పడి సరస్సుకి చేరుతుందట. మనం చెరువుకి కావాలని వేసేదే అక్కడ అడక్కుండా వచ్చి పడుతోంది.

పేరుకి ఆల్గే గానీ ఇది బ్యాక్టీరియా. అన్నిసార్లూ విషం ఉండదు, ఉందో లేదో కంటితో చెప్పలేం. ఒక పుల్లతో కెలికి చూడు. జుట్టులా పుల్లకి వేలాడితే మామూలు నాచు కావచ్చు. పచ్చరంగు డబ్బా ఒలికినట్టు పుల్లకి పూసుకుంటే వెంటనే వెనక్కి వచ్చెయ్. గాలి తెట్టునంతా ఒడ్డుకే తోస్తుంది. కుక్కలు దిగేదీ, చిన్నోడు ఆడేదీ అక్కడే.

మనుషులకైతే దద్దుర్లు, వాంతులు, విరేచనాలు. ఎక్కువ మింగితే లివర్‌కి ముప్పు. చిన్నోడు నీళ్ళు మింగుతూ ఆడతాడు, వాడి మీద కన్నేసి ఉంచు. లడ్డూ సంగతి ఇంకా ప్రమాదం. బంతి కోసం ఈదుతూ నీళ్ళు మింగుతాడు, బయటికొచ్చి ఒళ్ళంతా నాక్కుంటాడు. కొన్ని విషాలకి గంట కూడా పట్టదు: చొంగ, తూలడం, ఫిట్స్. విరుగుడు మందు లేదు. పొరపాటున దిగితే నాక్కోనివ్వకుండా, నువ్వు గ్లౌజులు వేసుకుని, కుళాయి నీళ్ళతో వెంటనే కడిగెయ్. ఏమాత్రం తేడాగా ఉన్నా, తెల్లారనీ అనుకోకుండా డాక్టర్ దగ్గరికి పరిగెత్తు.

మీ అమ్మ లడ్డూకి పెరుగన్నం పెడుతున్నావా అని అడగమంది. నువ్వే చెప్పుకో.

రెండో చెరువులో నీళ్ళ రంగు పొద్దున్నించీ చిక్కగా ఉంది. నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు వేయించి రావాలి, ఉంటాను.

నాన్న