టార్చ్ ఎందులో గుచ్చావు?

విజయవాడ ఆటోనగర్,
మధ్యాహ్నం, షెడ్డులో కూర్చునే రాస్తున్నా

ఒరేయ్ ప్లస్సూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, పర్లేదు. రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. మూడుసార్లూ గేటు విరిగిందనో, బండి స్టాండు ఊడిందనో ఎవడో ఒకడు ఊడిపడ్డాడు. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఈ సంగతి ఫోన్లో చెప్పలేనురా. మొదటి ముక్కకే నవ్వడం మొదలుపెడతావు, నీ నవ్వు ఆగేలోపు మీ క్యాంపు బస్సు వచ్చేస్తుంది. కాగితం అయితే నువ్వెంత నవ్వినా నాకు వినపడదు.

ముందు ఇంటి సంగతులు గబగబా. అమ్మ మోకాలు అలాగే ఉంది, ఆపరేషన్ అంటే అన్నం మానేస్తోంది. పెద్దది టెన్త్ పాసైంది, మంచి మార్కులే. పోయిన ఆదివారం మీ నాన్నగారిని చూసొచ్చాను, బాగున్నారు. నీ స్థలం హద్దురాళ్ళు ఎవరూ కదపలేదు. ఆవకాయ పట్టారు, నీ జాడీ విడిగా పెట్టించాను. అంతే.

మిషన్ కొన్నానురా. ఆర్గాన్ వెల్డింగ్ మిషన్, ఐటీఐలో మనం టిగ్ అనేవాళ్ళమే, అది. డిజిటల్‌ది, ఏసీ డీసీ రెండూ ఉన్నాయి, పల్సు ఉంది, 200 ఆంపియర్లు, సింగిల్ ఫేజ్. సగం డబ్బు బావమరిది పెట్టాడు, మిగతా సగం... అది నీకు తెలిసిన మనిషి దగ్గరే తెచ్చాను, వడ్డీ సంగతి అడక్కు. ఐటీఐలో మన 'ఏనుగు' గుర్తుందా, నలుగురం తోస్తే గానీ కదిలేది కాదు? ఇది ఒంటిచేత్తో ఎత్తి బల్లమీద పెట్టేశాను.

బిగింపులో మాత్రం లోటు చెయ్యలేదు. మీటరు దగ్గర్నుంచి విడిగా 4 ఎంఎం వైరు లాగించాను, 32 ఆంపియర్ల ఎంసీబీ వేయించాను, ఎర్తు గొయ్యి తవ్వించి కొత్తగా ఉప్పూ బొగ్గూ పోయించాను. సిలిండరు గోడకి గొలుసుతో కట్టాను. దానికి గ్యాసు మీటరు బిగించే ముందు వాల్వు ఒక్క క్షణం తెరిచి దుమ్ము ఊదేశాను. చూశావా, మాస్టారు చెప్పినవన్నీ గుర్తున్నాయి. ఒక్కటి తప్ప.

ముందురోజు సాయంత్రం మిషన్ వచ్చీ రాగానే చెయ్యి దురద ఆపుకోలేక మామూలు రాడ్డు పెట్టి పక్కషాపాయన గేటుకి నాలుగు టాకులు వేశాను. 7018 రాడ్డు, దాన్ని పట్టుకునే హోల్డరు ప్లస్‌లో, ఎర్తు వైరు మైనస్‌లో. ఈ ముక్క గుర్తుపెట్టుకో.

మర్నాడు పది నలభైకి ముహూర్తం. మిషన్‌కి పసుపు, కుంకుమ, నిమ్మకాయ. కొబ్బరికాయ కొడతానని మామయ్యగారు తయారయ్యారు. ఆయనకి పోయినేడు పేస్‌మేకర్ పెట్టారు కదా, ఆర్క్, అదే కరెంటు మంట, అంటుకునేటప్పుడు ఈ మిషన్ హై ఫ్రీక్వెన్సీ కొడుతుంది, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు దగ్గరికి రాకూడదని పుస్తకంలో రాసి ఉంది. మెల్లగా చెప్పి టీకొట్టు దగ్గరే కూర్చోబెట్టాను. అలిగారు. ఇంకా అలకలోనే ఉన్నారు.

బోణీ బేరం టిఫిన్ హోటలాయనది. ఇడ్లీ స్టీమర్ తలుపు చీలింది. 304 స్టీలు, ఒకటిన్నర ఎంఎం రేకు. ఆయన స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు, బావమరిది వీడియో తీస్తున్నాడు, షెడ్డులో పనిచేసే మన చిన్నోడు గ్రైండరు పట్టుకుని నా వెనకాల. చేతిలో టార్చ్, దాని మొనలో ఆర్క్ పుట్టించే టంగ్‌స్టన్ పుల్ల, 1.6 ఎంఎం, పొడుగువాటంగా పెన్సిల్ ములుకులా చెక్కాను. 55 ఆంపియర్లు. గ్యాసు 8 లీటర్లు. అద్దం దించి బటన్ నొక్కాను.

టిక్ మంది. ఆర్క్ వచ్చింది. వచ్చీ రాగానే టంగ్‌స్టన్ మొన ఉబ్బిందిరా! కళ్ళముందే గుండ్రంగా మెరుస్తూ కందిగింజంత అయ్యి, వణికి, టప్పున స్టీమర్ తలుపు మీద పడింది. నల్లగా మచ్చ.

"అదేంటండీ?" అన్నాడు హోటలాయన.

"కొత్త మిషన్ కదండీ, సర్దుకోవాలి" అన్నాను. మిషన్ సర్దుకోవడమేంటో నాకే తెలీదు.

విరిచి మళ్ళీ చెక్కాను. మళ్ళీ కందిగింజ. ఆంపియర్లు 40కి దించాను. కంది పోయి పెసర అయింది, అంతే తేడా. మూడో టంగ్‌స్టన్ కూడా పోయేసరికి చిన్నోడు నోరు మూసుకుని నవ్వుతున్నాడు, బావమరిది వీడియో ఆపేశాడు. నాకు ముందు టంగ్‌స్టన్ నకిలీదనిపించింది. తర్వాత గ్యాసు మీదికి పోయింది అనుమానం. ఆర్గాన్ బదులు సీఓటూ కలిపిన మిక్చరు ఇస్తే కూడా టంగ్‌స్టన్ నల్లబడి తగలడుతుంది కదా. గ్యాసు షాపాయనకి ఫోన్ చేసి కస్సుబుస్సులాడాను. ముహూర్తం రోజు ఇదేం పని, నీ సిలిండర్ వెనక్కి తీసుకుపో అన్నాను. స్పీకర్లో పెట్టి మరీ తిట్టాను, హోటలాయనకి వినపడాలని.

ఆయన అంతా విన్నాడు. తాపీగా ఒక్కటే అడిగాడు: "ముందు టార్చ్ ఎందులో గుచ్చావో చూడు బాబూ."

స్పీకర్లో ఉందని చెప్పాను కదా.

వంగి చూశాను. ముందురోజు హోల్డరు పీకిన బొక్కలోనే టార్చ్ గుచ్చాను. ప్లస్‌లో.

నవ్వు. నవ్వేయ్. ఇరవై ఏళ్ళ నుంచి నిన్ను ప్లస్ అని పిలుస్తున్నది నేనే కదా. వైవాలో మాస్టారు "టిగ్‌లో టార్చ్ దేనికిరా?" అంటే నువ్వు ఛాతీ విరిచి "ప్లస్‌కి సార్, ఎప్పుడూ పాజిటివ్‌గా ఉండాలి కదా సార్" అన్నావు. ఆయన బోర్డుమీద గోడంత మైనస్ గీత గీయించి, దానికింద నిన్ను గంటసేపు నిలబెట్టారు. కడుపు చెక్కలయ్యేలా నవ్వినవాణ్ణి నేను. డీసీలో వేడి ఎక్కువ భాగం ప్లస్ వైపే పుడుతుందని, టార్చ్ ప్లస్‌లో పెడితే ఆ వేడంతా టంగ్‌స్టన్ నెత్తినే పడుతుందని, మైనస్‌లో ఉంటే పనిముక్క తీసుకుంటుందని హాస్టల్లో నీకు పాఠం చెప్పినవాణ్ణి కూడా నేనే. 3,400 డిగ్రీలు దాటితే గానీ కరగని లోహాన్ని, 55 ఆంపియర్లతో కందిపప్పు చేశాను. నువ్వు నోటితో చెప్పావు, నేను చేసి చూపించాను. కాబట్టి ఆ పేరు నీ దగ్గర్నుంచి తీసేసుకుంటున్నాను. ఇది ఆఖరిసారి నిన్నలా పిలవడం.

మైనస్‌కి మార్చాక ఏం చెప్పనురా! చప్పుడే లేదు. నిప్పురవ్వ లేదు, పొగ లేదు, సన్నగా ఒక బుస, దానికింద అద్దంలాంటి చుక్క. రోజూ నీ చేతిలో ఉండేది అదే కదా, నీకు వింత కాదు. కానీ మొదటి కుట్టు బూడిదరంగులో వచ్చింది. ఎందుకా అని చూస్తే పైన ఫ్యాను! గ్యాసునంతా ఊదేస్తోంది. మే నెలలో ఫ్యాను కట్టేసి, తోలు చేతితొడుగులు వేసుకుని... ఉడికిపోయాననుకో. ఆ ఫ్యాను దూరంగా గుమ్మం దగ్గరికి మార్చాను, పొగ లాగడానికి. కనపడకపోయినా స్టీలు పొగలో క్రోమియం ఉంటుంది, అది ఊపిరితిత్తులకి మంచిది కాదని నువ్వే అన్నావు.

ఇంకొకటి, ఆర్క్ ఆపగానే టార్చ్ ఎత్తేస్తున్నాను. రాడ్డు అలవాటు. ఆర్క్ ఆగాక కూడా గ్యాసు వచ్చేలా ఆరు సెకన్లు పోస్ట్‌ఫ్లో పెట్టుకుని, అది అయ్యేదాకా చెయ్యి అక్కడే ఉంచితే అప్పుడొచ్చింది బంగారు రంగు. హోటలాయన వేలితో తడిమి "ఇది ముందే చెయ్యొచ్చు కదండీ" అన్నాడు.

టార్చ్ బటన్‌కి 4టీ అని ఒక పద్ధతి ఉంది, దాని సంగతి విను. నొక్కితే చిన్న మంట, వదిలితే అసలు ఆంపియర్లు, మళ్ళీ నొక్కితే దిగడం, వదిలితే ఆగడం. చదివాను, అర్థమైందనుకున్నాను. కుట్టు చివర బటన్ వదిలాను, ఆర్క్ ఆగలేదు! దయ్యం పట్టినట్టు మండుతూనే ఉంది. భయపడి టార్చ్ దూరంగా లాగేశాను. ఇప్పుడు చిన్న పనులకి నొక్కితే మండి వదిలితే ఆగే 2టీ, పొడుగు కుట్లకే 4టీ. పల్సు మాత్రం బాగా పట్టుబడింది. సెకనుకి ఒకటి చొప్పున పెట్టి, వెలుగు పెరిగినప్పుడల్లా 308ఎల్ ఫిల్లరు తీగ ఒక చుక్క. మన కోలాటం దెబ్బే. ఒకటి, ఒకటి, ఒకటి. చివర్లో ఆంపియర్లు మెల్లగా దిగేలా డౌన్‌స్లోప్ రెండు సెకన్లు ఇస్తే గుంట పడట్లేదు.

ఇక్కడిదాకా నవ్వు. ఆ రాత్రి పదకొండింటికి చిన్నోడి అమ్మ ఫోన్.

వాడు కళ్ళు తెరవలేకపోతున్నాడు. ఇసక పోసినట్టుందంట, నీళ్ళు కారిపోతున్నాయంట. నాకు గుండె జారిపోయింది. నా కందిగింజల్ని చూసి నవ్వడానికి వాడు వెనకనుంచి తొంగి చూస్తూనే ఉన్నాడురా, అద్దం లేకుండా. షెడ్డులో ఉన్న ఒక్క ఆటోమేటిక్ హెల్మెట్ నా నెత్తిమీద ఉంది, పాత చేతి అద్దం హోటలాయనకి ఇచ్చాను. మర్యాద. పనివాడికేమో ఏమీ లేదు. నా పరువు గొడవలో వాడివైపు ఒక్కసారి తిరిగి చూడలేదు. పైగా దీనికి పొగ లేదు, రవ్వలు లేవు కదా, రాడ్డుకన్నా మెత్తనిది అనుకుంటాం. పొగ అడ్డం లేకపోబట్టే ఆ కిరణాలు ఇంకా సూటిగా వచ్చి తగులుతాయి. తగిలినప్పుడు తెలీదు, ఆరేడు గంటల తర్వాత మొదలవుతుంది.

పక్కింటివాళ్ళు బంగాళదుంప చక్రాలు కోసి సిద్ధంగా పెట్టారు. ఇంకెవరో చనుబాలు పొయ్యమన్నారు. కళ్ళలో ఏదీ వెయ్యొద్దని అరిచి, బండిమీద కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళాను. దారంతా వాడు నా వీపుకి మొహం ఆనించి కూర్చున్నాడు, చొక్కా తడిసింది. డాక్టరు గారు పైపొర కాలిందని, చుక్కలమందు వేసి చీకట్లో పడుకోబెట్టమని, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుందని చెప్పారు. తగ్గింది. మూడోరోజు పనిలోకి వచ్చాడు, వచ్చీ రాగానే "అన్నా, టార్చ్ ఎందులో ఉంది?" అన్నాడు వెధవ. ఇప్పుడు వాడికో హెల్మెట్, నాకో హెల్మెట్, చుట్టూ వెల్డింగ్ తెర. తలకి షేడ్ 10 నల్లద్దం పెట్టుకోకుండా ఎవరూ ఆ తెర దాటి లోపలికి రారు. డబ్బులు ఎక్కడివని అడక్కు, అదే మనిషి.

నీకు ఇంకోటి చెప్పాలి. సిలిండరు 7 క్యూబిక్ మీటర్లది, నిమిషానికి 8 లీటర్లు వేసుకుంటే పద్నాలుగు గంటలకి పైన ఆర్క్ రావాలి. పదకొండుకే అయిపోయింది. సబ్బునురగ రాసి చూస్తే మిషన్ వెనక పైపు జాయింటు దగ్గర బుడగలు. పోయిన డబ్బుకన్నా నాకు వేరే దడ పట్టుకుంది. సిలిండరు పక్కనే మన పాత లారీ పిట్ ఉంది కదా. ఆర్గాన్ గాలికన్నా బరువు, వాసన లేదు, రంగు లేదు, గోతిలోకి దిగి, ఊపిరి పీల్చే గాలిని తోసేసి కూర్చుంటుంది. చిన్నోడు మధ్యాహ్నం చల్లగా ఉంటుందని ఆ పిట్‌లోనే పడుకుంటాడు. అప్పుడు నువ్వు ఆ పైపులోకి వంగిన కుర్రాడి గురించి చెప్పావు చూడు... సరే, అది వద్దు. పిట్ మీద ఇనప జల్లెడ వేసి తాళం పెట్టేశాను, సిలిండరు గుమ్మం వైపు మార్చాను. రాత్రి వెళ్ళేటప్పుడు మిషన్ ఆపడం కాదు, సిలిండరు వాల్వే కట్టేస్తున్నాను.

అసలు నీకు రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. పాల డెయిరీ వాళ్ళది రెండంగుళాల స్టీలు లైను పని వచ్చేలా ఉంది. బయట కుట్టు బాగానే వస్తోంది, లోపల వైపు మాత్రం పంచదార పలుకుల్లా గరుకుగా వస్తోంది. లోపల కూడా ఆర్గాన్ నింపాలని తెలుసు. ఎన్ని లీటర్లు పెట్టాలి, ఎంతసేపు నింపాక మొదలుపెట్టాలి, చివర మూసేటప్పుడు లోపలి గాలి తన్నకుండా నువ్వేం చేస్తావు? వివరంగా రాయి, బొమ్మ గీసి పంపు. అల్యూమినియంకి ఏసీ బ్యాలెన్సు సంగతి కూడా అడగాలి, నిన్న ఒక రేడియేటర్ ట్యాంకు మీద

గ్యాసు బండి వచ్చింది, హారన్ కొట్టేస్తున్నాడు. ఆ ఫోన్ తర్వాత ఆయన మొహం చూడడం ఇదే మొదటిసారి. పోతున్నా.

నీ
ప్లస్