ఆయాసం ఉంటే ఇక చికిత్సే లేదా?

సంపాదకులకు,

పది రోజుల క్రితం మీ ఆరోగ్యం పేజీలో ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు ఆపరేషన్‌కు తట్టుకోలేరని, వారికి ఇక నొప్పి తగ్గించే మందులే గతి అని అందులో ఒక్క వాక్యంలో తేల్చేశారు. మొదటి మాట చాలామంది విషయంలో నిజమే. రెండో మాట ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు.

ఈ మాట మా ఇంట్లో ఇంతకుముందే విన్నాం. మా అన్నయ్య ముప్పై ఏళ్లు రైసుమిల్లు దుమ్ములో పనిచేశారు. దానికి తోడు బీడీలు. ఎక్స్‌రేలో మచ్చ కనబడితే, కఫంలో క్షయ క్రిములు లేకపోయినా ఆరు నెలలు టీబీ మందులు మింగించారు. ఆ తర్వాత ముక్క పరీక్ష చేయించి క్యాన్సర్ అన్నారు. కణితి రెండున్నర సెంటీమీటర్లే, ఎక్కడికీ పాకలేదు. అయినా మెట్లెక్కి వచ్చిన మనిషి రొప్పడం చూసి, ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైనవి వండిపెట్టమన్నారు. ఊపిరితిత్తుల బలం తేల్చే ఊదే పరీక్ష కూడా చేయలేదు. యంత్రం ఆ గదిలోనే ఉంది. దాని మీద గుడ్డ కప్పి, ఆ గుడ్డ మీద పాత రిజిస్టర్లు పేర్చారు. ఏమిటని అడిగితే, నడిపే మనిషి బదిలీ అయ్యాడన్నారు. ఎన్నాళ్లయిందని అడిగితే జవాబు లేదు.

మరో ఊళ్లో రేడియేషన్ డాక్టరు చెబితే గానీ మాకు అసలు సంగతి తెలియలేదు. ఆపరేషన్‌లో కణితితో పాటు మామూలుగా ఊపిరితిత్తిలో ఒక భాగం మొత్తం తీసేస్తారు. ఉన్న ఊపిరే చాలని మనిషికి అది కుదరదు. అలాంటివారి కోసమే కణితిని గురిచూసి కొట్టే రేడియేషన్ ఉంది. స్టీరియోటాక్టిక్ అంటారు. అనేక దిక్కుల నుంచి సన్నని కిరణాలు కణితి మీద కలిసేలా చేస్తారు, చుట్టూ ఉన్న ఊపిరితిత్తికి తగిలేది తక్కువ. ఊపిరితో పాటు కణితీ కదులుతుంది కనుక ఆ కదలికనంతా ముందే స్కాన్ తీసి లెక్క కడతారు. అన్నయ్యను ఒంటికి అచ్చుపోసినట్టు బిగుసుకునే పరుపులో, చేతులు తల మీదికి పెట్టించి పడుకోబెట్టారు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదని ఆయన భయం. ముందుగా పీల్చే మందులు సరిచేసి, తల కింద కాస్త ఎత్తు పెట్టారు. ఒక్కోటి 10 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) చొప్పున ఐదు సిట్టింగులు, రెండు వారాల్లో అయిపోయింది. మామూలు పద్ధతిలో ఆరు వారాలు తిరగాల్సి వచ్చేది.

ఇది నిన్న మొన్న వచ్చిన ప్రయోగం కాదు. ఆపరేషన్‌కు పనికిరారన్న 55 మందికి అమెరికాలో ఈ చికిత్స చేసి, ఫలితాలు 2010లోనే ప్రచురించారు. మూడేళ్ల తర్వాత దాదాపు 98 శాతం మందిలో అసలు కణితి అదుపులోనే ఉంది. బతికి ఉన్నవారు 56 శాతం. గుండెజబ్బు, ఆయాసం ముందే ఉన్న మనుషులు కదా, ఇంటికి పొమ్మని ఉంటే ఎందరు మిగిలేవారు?

అందరికీ పనికొస్తుందని నేను అనడం లేదు. కణితి పెద్ద శ్వాసనాళాలను ఆనుకుని ఉంటే మోతాదు మార్చాలి. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ. మా అన్నయ్యకే మూడో నెలలో పొడిదగ్గు, జ్వరం వస్తే ఇక్కడి క్లినిక్‌లో నెమ్ము అనుకుని యాంటీబయాటిక్స్ ఇచ్చారు. అది రేడియేషన్ వల్ల వచ్చిన వాపు. స్టెరాయిడ్లు పడ్డాకే తగ్గింది. ఈ సంగతి కూడా మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

అధికారులకు కూడా ఇదేమీ పట్టదు. క్యాన్సర్ శిబిరాలు పెడతారు, బ్యానరు కడతారు, ఫొటో దిగుతారు. శిబిరంలో అనుమానం వచ్చిన మనిషి మర్నాడు ఎక్కడికి వెళ్లాలో రాసిచ్చే చీటీ మాత్రం ఉండదు. యంత్రాలు కొనడానికి ఉన్న తొందర వాటిని నడిపేవారిని నియమించడంలో ఉండదు. ఆపరేషన్‌కు పనికిరారని తేల్చిన ప్రతి రోగినీ రేడియేషన్ డాక్టరు ఒకసారి చూసి తీరాలని నిబంధన పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? ఒక్క ఉత్తర్వు కాగితం.

మా వీధిలో ఒకాయన మీ వ్యాసం కత్తిరించి జేబులో పెట్టుకు తిరుగుతున్నారు. పత్రికలోనే రాశారు కదా, ఇక ఎక్కడికీ రానంటున్నారు. ఎలాగో ఒప్పించాను, వచ్చే శుక్రవారం తీసుకువెళ్తున్నాను. ఆలోగా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయండి. వారి పిల్లలకు చూపించాలి.

- ఒక పాఠకుడు, తెనాలి