థియేటరు తెరిచారు సరే, సన్న గొట్టం మాటేమిటి?

సంపాదకులకు,

అయ్యా, అధిక రక్తస్రావంతో బాధపడే మహిళలకు డి అండ్ సి (గర్భసంచి లోపొరను గోకి పరీక్షకు ముక్క తీయడం) చేసేందుకు మన ప్రాంతంలో థియేటరు సిద్ధమైందని మీ జిల్లా పేజీలో మొన్న వచ్చిన వార్త కావలి, కందుకూరు వైపు అందరూ చదివిందే. రిబ్బను కత్తిరించిన వారి ఫొటోకు ఇచ్చిన చోటులో నాలుగో వంతైనా ఆ పరీక్ష గురించి చెప్పడానికి ఇవ్వని మీరు, మా అమ్మల కాలం నుంచీ ఉన్న పద్ధతిని కొత్త సదుపాయమంటూ కీర్తించడం స్టాఫ్ నర్సుగా పనిచేసి విరమించిన నాకు మింగుడుపడలేదు.

గర్భసంచి లోపొర నుంచి ముక్క తీయాలంటే మత్తు ఇచ్చి, ముఖద్వారాన్ని వెడల్పు చేసి గోకడం ఒక్కటే దారి కాదు. పైపెల్ అనే సుమారు 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం 1980ల నుంచీ వాడుకలో ఉంది. దాన్ని ఓపీలోనే లోపలికి పంపి, మధ్యలోని పుల్లను వెనక్కి లాగితే, సిరంజిలోకి మందు ఎక్కినట్టు పొర ముక్కలు అందులోకి వస్తాయి. పొత్తికడుపులో కాసేపు మెలిపెట్టినట్టు నొప్పి ఉంటుంది గాని, మత్తు అక్కరలేదు, ఆమె నడిచి వచ్చి నడిచే వెళ్తుంది. అనేక అధ్యయనాలను కలిపి చూసి 2000లో ప్రచురించిన ఒక సమీక్ష, లోపొర క్యాన్సర్‌ను ఈ గొట్టం ముట్లుడిగిన వారిలో 99.6 శాతం, ముట్లు ఆగని వారిలో 91 శాతం పట్టుకుందని తేల్చింది. ఒక మూల పెరిగిన పాలిప్ (లోపొర మీద పిలకలా పెరిగే కండ) దీనికి చిక్కకపోవచ్చు, వయసు మళ్లిన వారిలో ముక్క చాలకపోవచ్చు, నిజమే. అయితే డి అండ్ సి మాత్రం కళ్లతో చూసి చేసేదా? పది కేసుల్లో ఆరింటిలో లోపొర సగం కూడా గోకబడలేదని 1975లోనే ఒక అధ్యయనం చూపింది. పాలిప్ అనుమానం ఉంటే హిస్టెరోస్కోపీతో, అంటే సన్నని కెమెరా గొట్టం పంపి లోపల చూస్తూ తీయడమే సరైన పని. పైపెల్ కొనే స్తోమత లేదంటారా, గర్భస్రావ కేసులకు వాడే, చేత్తోనే లాగే ఎం.వి.ఏ. సిరంజికి కాన్యులా అనే సన్న గొట్టం తగిలించి కూడా ముక్క తీస్తారు.

తీసిన ముక్క ఒంగోలుకో నెల్లూరుకో పోయి రిపోర్టు వచ్చేలోపు, కనిగిరి, ఉదయగిరి పల్లెల నుంచి కూలి మానుకుని వచ్చిన మనిషికి ‘సంచి తీసేస్తే పీడ పోతుంది’ అని చెప్పేవారు మాత్రం వెంటనే దొరుకుతారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే మన రాష్ట్రంలో 8.9 శాతం. అనవసర ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది, వాటిలో జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలూ ఉన్నాయి. ఆ కమిటీ మన రెండు జిల్లాల్లో ఎప్పుడు కూర్చుందో, ఏం తేల్చిందో మీ పత్రికలో చదివిన గుర్తు నాకు లేదు. ప్రారంభోత్సవాలకు తీరిక దొరికే అధికారులకు దీనికి దొరకలేదేమో.

మీ విలేకరి ఈసారి వెళ్లినప్పుడు, గైనిక్ ఓపీల్లో ఆ సన్న గొట్టాలు ఎన్ని ఉన్నాయో, ముక్క పరీక్ష రిపోర్టు ఎన్నాళ్లకు చేతికి వస్తోందో జిల్లా వైద్యాధికారిని అడిగి, ఆ జవాబును ఫొటో లేకుండానైనా అచ్చు వేయగలరు.

— విశ్రాంత స్టాఫ్ నర్సు, కావలి